క్యాప్ అండ్ బాల్ రివాల్వర్‌లో మందు ఎంత, గుండు ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటున్న తెలుగువారిలో పాతకాలపు తుపాకుల మీద మోజు ఉన్నవాళ్లు మొదటి రివాల్వర్ కొనగానే అడిగే సందేహాలు దాదాపు ఒక్కటే. అవే మళ్లీ మళ్లీ వస్తుండటంతో దశలవారీగా రాసి పెట్టాను. ప్రతి జవాబూ దానికదే పూర్తి కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇక్కడ ఇచ్చిన అంకెలన్నీ మందు, గుండు, క్యాప్ (కొట్టగానే పేలి మందును అంటించే చిన్న లోహపు టోపీ) విడివిడిగా పెట్టి దట్టించే 19వ శతాబ్దపు నమూనాలకు మాత్రమే వర్తిస్తాయి. తుపాకీతో పాటు తయారీదారు ఇచ్చిన పుస్తకంలోని గరిష్ఠ పరిమితికీ నా మాటకూ తేడా వస్తే పుస్తకం మాటే చెల్లుతుంది.

## కొనే ముందు

ఇది కొనడానికి లైసెన్సు కావాలా?

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం, అంటే 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం, ఇలాంటి నకలు రివాల్వర్లు పురాతన ఆయుధాల కిందికి వస్తాయి. మామూలు తుపాకీ కొనుగోలుకు ఉండే తంతు చాలా రాష్ట్రాల్లో వీటికి ఉండదు. రాష్ట్ర చట్టాలు మాత్రం వేరు: న్యూజెర్సీ వీటిని మామూలు తుపాకుల్లాగే చూస్తుంది. వీసా మీద ఉన్నవాళ్లు స్నేహితుల మాట నమ్మి కొనకుండా న్యాయవాదిని అడగడం మంచిది. భారతదేశంలో సంగతి పూర్తిగా వేరు. అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నోటి నుంచి మందు దట్టించే తుపాకీకి కూడా లైసెన్సు ఉండాలి. ఈ పేజీ చూసి ఊళ్లో తాతగారి తుపాకీ కిందికి దించవద్దు.

కోల్ట్ నమూనా మంచిదా, రెమింగ్టన్ నమూనానా?

రెండూ మంచివే, స్వభావాలు వేరు. రెమింగ్టన్‌కు సిలిండర్ (మందు, గుండు నింపే గదులున్న తిరిగే భాగం) పైన కూడా ఫ్రేము పట్టీ ఉంటుంది. గట్టిగా ఉంటుంది, సిలిండర్ తీసి పెట్టడం క్షణాల పని. కోల్ట్‌లో బారెల్‌ను పట్టి ఉంచేది ఒక చిన్న మేకు. దాన్ని ఎంత లోపలికి కొట్టారన్నదాన్ని బట్టి సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య సందు మారిపోతుంది, దాంతో గురీ మారుతుంది. అయితే ఎక్కువసేపు కాల్చినా కోల్ట్ త్వరగా బిగుసుకోదు. సిలిండర్ తిరిగే ఇరుసు లావుగా ఉండి, దాని గాడుల్లో కందెన నిలవడమే కారణం. ఒకే లోడుతో, అంటే ఒకే మందు కొలత, ఒకే గుండుతో, నిలకడగా గురి కుదరాలని కోరుకునే కొత్తవారికి నేను రెమింగ్టనే చెబుతాను. చేతిలో పట్టుకుంటే మనసు కోల్ట్ మీదికి పోతుందని తెలిసి కూడా.

ఇత్తడి ఫ్రేము రివాల్వర్ చవకగా వస్తోంది, తీసుకోవచ్చా?

తక్కువ మందుతో కాల్చే ఓపిక ఉంటే తీసుకోండి. ఇత్తడి ఫ్రేములకు అసలు చరిత్ర అమెరికా అంతర్యుద్ధ కాలంలో అక్కడి దక్షిణాది రాష్ట్రాలది. ఇనుము, ఉక్కు కరువైన రోజుల్లో జార్జియాలోని గ్రిస్‌వోల్డ్‌విల్‌లో .36 కాలిబర్ (అంగుళాల్లో బారెల్ లోపలి వెడల్పు) కోల్ట్ నేవీ మోడల్ పోలికతో ఇత్తడి ఫ్రేము రివాల్వర్లు చేశారు. ఆ కార్ఖానాను 1864 నవంబరులో ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం తగలబెట్టింది. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే .44 ఇత్తడి ఫ్రేము తుపాకులు చాలావరకు ఈ కాలపు కల్పన. ఎక్కువ మందు వేసి కాలుస్తూ పోతే సిలిండర్ వెనక్కి కొట్టుకుని ఇత్తడి మీద గుండ్రటి అచ్చు పడుతుంది, ఇరుసు వదులవుతుంది. ఇది ఒక్కరోజులో జరగదు, అందుకే చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. .36కు 12 నుంచి 15 గ్రెయిన్లు (గ్రెయిన్ ఎంతో కింద చెప్పాను), .44కు 15 నుంచి 18 గ్రెయిన్లు దాటకుండా ఉంటే చాలా కాలం నడుస్తుంది.

.36 సరిపోతుందా, .44 కావాలా?

కాగితం లక్ష్యానికి .36 ధారాళంగా సరిపోతుంది. గుండు బరువు 80 గ్రెయిన్ల దగ్గర, మందు ఖర్చు తక్కువ, తన్ను కూడా తక్కువ. .44 గుండు 140 గ్రెయిన్ల దగ్గర ఉంటుంది. గుండ్లు దుకాణంలో సులువుగా దొరికేది ఎక్కువగా .44 వాళ్లకే. .36ను ఎవరైనా చిన్నచూపు చూస్తే 1865 జులై 21న మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగింది చెప్పండి. సుమారు 75 గజాల దూరం నుంచి పేరుమోసిన తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్ ఒకే గుండుతో తన ప్రత్యర్థి డేవిస్ టట్‌ను పడగొట్టాడు, చేతిలో ఉన్నది .36 నేవీ అనే చెబుతారు.

## మందు, గుండు, క్యాప్ కొనేటప్పుడు

డబ్బాల మీద రెండు ఎఫ్‌లు, మూడు ఎఫ్‌లు అని ఉన్నాయి. ఏది కొనాలి?

మూడు ఎఫ్‌లది. ఎఫ్‌లు పెరిగేకొద్దీ పలుకు సన్నబడుతుంది, త్వరగా మండుతుంది. రెండు ఎఫ్‌ల మందు పెద్ద కాలిబర్ రైఫిళ్లకు, షాట్‌గన్లకు వాడతారు. రివాల్వర్‌లో వాడితే ప్రమాదమేమీ లేదు గానీ వేగం తగ్గుతుంది, మసి పెరుగుతుంది. నాలుగు ఎఫ్‌లది చెకుముకి తుపాకుల పళ్లెంలో వేసే మందు. దాన్ని సిలిండర్ గదిలో వేయకండి.

అసలు బ్లాక్ పౌడర్ మా ఊళ్లో దొరకదు. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటి బదులు మందులు వాడవచ్చా?

వాడవచ్చు. రెండింటినీ కొలపాత్రతోనే కొలవాలి, త్రాసుతో తూచకూడదు. పైరోడెక్స్ అదే కొలతకు అసలు మందు కంటే తేలిక. కాబట్టి 25 గ్రెయిన్ల గీత దాకా నింపితే చాలు, త్రాసులో 25 చూపించేదాకా పోస్తే ఎక్కువైపోతుంది. రివాల్వర్‌కు పి అని గుర్తు ఉన్న రకం కొనండి. అది అసలు మందు కంటే ఎక్కువ వేడికి గానీ అంటుకోదు, అందుకే అప్పుడప్పుడు క్యాప్ పేలిన క్షణం తర్వాత గుండు వెళ్తుంది. ట్రిపుల్ సెవెన్ శక్తి ఎక్కువ. అసలు మందుతో వచ్చే వేగమే కావాలంటే కొలతలో 15 శాతం తగ్గించాలి. దాన్ని గట్టిగా నొక్కి దట్టించకూడదు కూడా. గుండు మందును తాకితే చాలు.

మామూలు తూటాల్లో వాడే పొగలేని మందు కొద్దిగా వేస్తే ఏమవుతుంది?

సిలిండర్ పగలవచ్చు. ఆ ముక్కలు మీ చేతిలోకి, పక్కవాడి ముఖంలోకి వెళ్తాయి. కొద్దిగానైనా, కలిపైనా, ప్రయోగానికైనా వద్దు. రంగు నల్లగా ఉంది కదా అని కూడా మోసపోవద్దు, పొగలేని మందుల్లో చాలా రకాలు నల్లగానో బూడిద రంగులోనో ఉంటాయి. మూత తెరిచి ఉన్న, పేరు చిరిగిపోయిన డబ్బా ఎవరు ఇచ్చినా తీసుకోకండి.

మందు ఇంట్లోనే చేసుకోవచ్చా?

వద్దు. ప్రాణం సంగతి అలా ఉంచినా, ఒక విడత శక్తికీ మరో విడత శక్తికీ పొంతన ఉండదు. అలాంటప్పుడు లోడు ఎంపిక అన్న మాటకే అర్థం లేదు.

.451, .454 అని రెండు సైజుల గుండ్లు ఉన్నాయి. నా .44కు ఏది?

గుండు గది నోటి కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి. లోడింగ్ లీవర్‌తో నొక్కినప్పుడు గది అంచు సీసాన్ని చెక్కి, సన్నటి మెరిసే ఉంగరంలా పైకి వదులుతుంది. ఆ ఉంగరం చుట్టూ తెగకుండా వచ్చిందంటే గుండు గదిని పూర్తిగా మూసిందని అర్థం. ఒక పక్క మాత్రమే ముక్క వచ్చి రెండో పక్క ఏమీ రాకపోతే, పెద్ద సైజు ప్రయత్నించండి. ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో తయారయ్యే పియెట్టా .44లు చాలావరకు .451తో సర్దుకుంటాయి, ఉబెర్టి వాటికి .454 బాగుంటుంది. నాకైతే సందేహం ఉన్నచోట .454నే ఇష్టం. గుండు పక్కన ఎక్కువ భాగం గది గోడను పట్టుకుంటుంది, బారెల్‌లోని గాడులకూ ఎక్కువ సీసం అందుతుంది. .36కు .375, రూగర్ ఓల్డ్ ఆర్మీకి .457. సీసం మెత్తనిదే కావాలి. చక్రాలకు కొట్టే బరువులు కరిగించి పోసిన గుండ్లు గట్టిగా ఉంటాయి, వాటిని నొక్కబోయి లోడింగ్ లీవర్ వంచుకున్నవాళ్లు ఉన్నారు.

గుండ్రటి గుండు కంటే కోసుగా ఉండే కోనికల్ మంచిది కదా?

బరువు ఎక్కువ, దెబ్బ ఎక్కువ. కానీ కాగితం మీద గురి చూస్తే చాలా తుపాకుల్లో గుండ్రటిదే గెలుస్తుంది. కోనికల్‌ను నిటారుగా కూర్చోబెట్టడం కష్టం, కొంచెం వాలినా గురి చెడుతుంది. పైగా అది గదిలో ఎక్కువ చోటు తింటుంది, ఒత్తిడి పెంచుతుంది. తప్పదనుకుంటే మీరు గుండ్రటి గుండుకు వాడే మందు కంటే నాలుగైదు గ్రెయిన్లు తగ్గించి మొదలుపెట్టండి. ఇత్తడి ఫ్రేములో అసలు వద్దు.

క్యాప్‌లు 10 నంబరువా, 11 నంబరువా?

నిపుల్ (గది వెనక క్యాప్ కూర్చునే చిన్న గొట్టం) మీద పెట్టి చూస్తే గానీ తెలియదు. క్యాప్ వేలితో నొక్కితే చివరిదాకా కూర్చోవాలి, తుపాకీని బోర్లిస్తే రాలకూడదు. వదులుగా ఉన్నదాన్ని వేలితో నొక్కి చప్పిడి చేసి పెట్టడం చాలామంది అలవాటు. దానికంటే సరైన నిపుళ్లు కొని మార్చడమే మేలు.

## ఎంత మందు వేయాలి?

గ్రెయిన్ అంటే ఎంత? గ్రాముల్లో తూచుకోవచ్చా?

ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు. 30 గ్రెయిన్లు అంటే రెండు గ్రాములకు కాస్త తక్కువ. అయినా గ్రాముల జోలికి వెళ్లకుండా గ్రెయిన్ల గీతలున్న ఇత్తడి కొలపాత్ర కొనుక్కోండి. మందు పోశాక ప్రతిసారీ ఒకే తీరుగా తట్టాలి, పైన మిగిలింది ఒకే తీరుగా గీసెయ్యాలి. తట్టిన కొలతకూ తట్టని కొలతకూ తేడా లక్ష్యం మీద కనిపిస్తుంది.

మొదటి రోజు ఎంత వేసి మొదలుపెట్టాలి?

ఉక్కు ఫ్రేము .44కు 20 గ్రెయిన్లు, .36కు 15. తర్వాత పెంచుకుంటూ పోయినా .44 ఆర్మీ నమూనాల్లో 30 దగ్గర, .36 నేవీలో 20 నుంచి 22 దగ్గర ఆగిపోతాను. ఇవి మూడు ఎఫ్‌ల అసలు మందు, గుండ్రటి గుండు లెక్కలు. ట్రిపుల్ సెవెన్‌కు ఇదే అంకె వాడకండి, అందులో 15 శాతం తీసేయండి.

గదిలో పట్టినంత నింపేస్తే ఏం? పాతకాలంలో అలాగే చేసేవారట కదా?

చేశారు, దాని ఫలితమూ చూశారు. 1847లో టెక్సాస్ రేంజర్ శామ్యూల్ వాకర్ సలహాలతో శామ్యూల్ కోల్ట్ తయారుచేసిన వాకర్ రివాల్వర్ రెండు కిలోలకు పైగా తూగేది, ఒక్కో గదిలో 60 గ్రెయిన్ల దాకా పట్టేది. సైన్యానికి వెళ్లిన వెయ్యిలో చాలావాటి సిలిండర్లు పగిలాయి. ఆనాటి లోహం నాసిరకం, పైన పొంగేలా నింపిన మందు, కోనికల్ గుండ్లను తలకిందులుగా పెట్టడం, ఇవన్నీ కారణాలుగా చెబుతారు. ఆ తన్నుకు లోడింగ్ లీవర్ ఊడి కిందికి వేలాడి సిలిండర్‌ను ఆపేసేది కూడా. తర్వాత వచ్చిన డ్రాగూన్ నమూనాలో కోల్ట్ సిలిండర్ పొడవు తగ్గించి మందు పట్టే చోటే తగ్గించేశాడు.

ఇప్పటి ఉక్కు మంచిది కాబట్టి ఆర్మీ నమూనా నిండా మందు వేసినా పగలకపోవచ్చు. అయినా మందు పెంచితే వచ్చే లాభం పొగ, చప్పుడు, కొంచెం వేగం. గుండు బారెల్ గాడులను పట్టకుండా జారే అవకాశం పెరుగుతుంది, లక్ష్యం మీద గుండ్లు చెదురుతాయి. నా చూపులో నిండా వేసిన మందు పండగ పూట కాల్చే టపాకాయ లాంటిది, పదిమందీ తిరిగి చూస్తారు, అంతే.

తక్కువ మందు వేస్తే గుండుకూ మందుకూ మధ్య ఖాళీ మిగులుతుంది. పరవాలేదా?

ఖాళీ అసలు ఉండకూడదు. గుండు మందును నొక్కుతూ కూర్చోవాలి, మధ్యలో గాలి ఉంటే ఒత్తిడి ఎలా పెరుగుతుందో ఊహించలేం. లోడింగ్ లీవర్ గుండును అంత లోతుకు దించలేకపోతే మధ్యలో ఏదైనా నింపాలి. అమెరికన్లు మొక్కజొన్న పిండి గానీ క్రీమ్ ఆఫ్ వీట్ గానీ వాడతారు. మనకైతే ఉప్మాకు తెచ్చుకున్న బొంబాయి రవ్వ ఉండనే ఉంది, వేయించనిది, పొడిగా ఉన్నది. ఇరవై గ్రెయిన్ల మందు మీద పది గ్రెయిన్ల కొలత రవ్వ పోసి గుండు నొక్కితే గుండు గది నోటికి దగ్గరగా నిలుస్తుంది. అక్కడి నుంచి బారెల్‌లోకి దూకే దూరం తగ్గడం వల్ల గురి మెరుగుపడుతుంది. పోటీల్లో కాల్చేవాళ్లు ఎక్కువమంది ఈ దారిలోనే ఉన్నారు. మందు ముందు, రవ్వ తర్వాత, ఈ వరస తారుమారు కాకూడదు.

నా తుపాకీకి సరిపడే లోడు ఏదో ఎలా తెలుసుకోవాలి?

లోడు తుపాకీ చెప్పాలి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ తుపాకులు రెండు పక్కపక్కన పెడితే ఒకటి 22 గ్రెయిన్లను, మరొకటి 26ను ఇష్టపడటం మామూలే. కాబట్టి ఇలా చేయండి. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, 25 గజాల దూరంలో లక్ష్యం పెట్టండి. గుండు సైజు, మందు డబ్బా, క్యాప్ రకం, గ్రీజు ఏదీ మార్చకండి. ఒక్క మందు కొలతే మారాలి. పైన చెప్పిన తొలి కొలతతో మొదలుపెట్టి, మీ తుపాకీ పరిమితి దాటకుండా రెండేసి గ్రెయిన్లు పెంచుతూ ప్రతి కొలతకూ ఐదు గుండ్లు కాల్చండి, ప్రతి కొలతకూ కొత్త కాగితం పెట్టి దాని మీద పెన్సిల్‌తో కొలత రాయండి. రెండు కొలతల మధ్య తడిగుడ్డతో బారెల్ తుడవండి, లేకపోతే చివరి కొలతలకు మసి వల్ల అన్యాయం జరుగుతుంది.

కాగితాలన్నీ వరసగా గోడకు పెట్టి చూస్తే సాధారణంగా మధ్యలో ఎక్కడో గుంపు బిగుస్తుంది, పైకి వెళ్లేకొద్దీ విడిపోతుంది. బిగిసిన కొలతకు అటూ ఇటూ ఒక్కో గ్రెయిన్ మార్చి మరో రోజు మళ్లీ కాల్చండి. అప్పుడు రవ్వ కలిపి, కలపకుండా పోల్చి చూడండి. గుంపు లక్ష్యం మధ్యలో పడలేదని ఈ దశలో బెంగపడకండి, బిగుతు ఒక్కటే చూడాలి. ఐదింటిలో నాలుగు కలిసి ఒకటి ఎప్పుడూ దూరంగా పడుతుంటే గదులకు నంబర్లు వేసి ఏ గది అలా చేస్తోందో కనిపెట్టండి. లోడు తప్పు కాకుండా ఆ గది నోరు చిన్నదై ఉండవచ్చు.

గుండ్లన్నీ గురిపెట్టిన చోటికి పైన తగులుతున్నాయి. మందు తగ్గించాలా?

తగ్గిస్తే ఇంకా పైకి వెళ్లవచ్చు. నెమ్మదిగా వెళ్లే గుండు బారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, ఈలోగా తన్నుకు బారెల్ లేస్తుంది. కోల్ట్ నమూనాల్లో పైన తగలడం పుట్టుకతో వచ్చిన గుణం, పాత కోల్ట్‌లకు గురి దూరం 75 గజాల దగ్గర పెట్టేవారని అంటారు. బిగుతైన లోడు దొరికాక, బారెల్ కొసన గురి చూడడానికి ఉండే ముందు పుల్లను ఎత్తైనదిగా మార్పించుకోండి. రెమింగ్టన్‌కు ముందు పుల్ల పొడవుగానే ఉంటుంది కాబట్టి ఈ గొడవ తక్కువ.

## దట్టించేటప్పుడు

ఏ వరసలో నింపాలి?

ముందుగా ఖాళీ నిపుళ్ల మీద ఒక్కో క్యాప్ పేల్చి దారుల్లోని నూనె కాల్చేయండి. తర్వాత హ్యామర్‌ను సగం ఎత్తి ఒక్కో గదిలో మందు, వ్యాడ్ (మందుకూ గుండుకూ మధ్య పెట్టే మెత్తటి బిళ్ల) గానీ రవ్వ గానీ, గుండు, నొక్కుడు. అన్ని గదులూ అయ్యాక, వ్యాడ్ వాడకపోతే గ్రీజు. క్యాప్‌లు అన్నిటికంటే చివర, కాల్చే గీత దగ్గర, బారెల్ లక్ష్యం వైపు ఉన్నప్పుడే. మందు సీసా నుంచి నేరుగా గదిలోకి పోయకండి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే కొలపాత్రలోని చిటికెడు మందు అంటుకోవడం వేరు, చేతిలోని సీసా అంటుకోవడం వేరు.

గుండు మీద గ్రీజు రాయాలా, మైనం పూసిన వ్యాడ్ చాలా?

రెండింట్లో ఒకటి చాలు. రెండింటి పని మసిని మెత్తగా ఉంచడమే. నాకు వ్యాడే నచ్చుతుంది, చేతులు శుభ్రంగా ఉంటాయి. గ్రీజు వాడేవాళ్లు వనస్పతి గానీ తేనెమైనం కలిపిన జంతు కొవ్వు గానీ వాడాలి. మోటారు నూనెలు, పెట్రోలియం గ్రీజులు ఈ మందుతో కలిస్తే తారులా గట్టిపడతాయి. టెక్సాస్ ఎండలో వనస్పతి కరిగి పిడి మీదికి కారుతుంది, వేసవిలో మైనం పాలు పెంచండి.

ఒక గది పేలితే పక్క గదులు కూడా పేలుతాయని భయపెట్టారు. నిజమా?

అరుదు, కానీ నిజం. నిప్పు రెండు వైపుల నుంచి చేరవచ్చు. ముందు వైపు గుండు వదులైతే దాని పక్క నుంచి, వెనక వైపు క్యాప్ వదులైతే లేదా ఊడిపోతే నిపుల్ నుంచి. గుండు నొక్కినప్పుడు సీసం ఉంగరం పూర్తిగా రావడం, క్యాప్ బిగుతుగా కూర్చోవడం, ఈ రెండూ ఉంటే భయం చాలావరకు పోతుంది. ఎడమ చేతిని సిలిండర్ ముందుకు చాపి పట్టుకోవడం మాత్రం మానుకోండి.

ఆరు గదులూ నింపుకోవచ్చా?

గీత దగ్గర నిలబడి వెంటనే కాల్చేస్తే నింపవచ్చు, కొన్ని మైదానాల్లో అదీ ఒప్పుకోరు. ఐదు నింపి ఖాళీ గది మీద హ్యామర్ దించడం మంచి అలవాటు. అంతర్జాతీయ పోటీల్లో 30 నిమిషాల్లో 13 గుండ్లు కాల్చి మంచి పది లెక్కిస్తారు, ఐదేసి నింపుకున్నా సమయం చాలుతుంది.

## కాల్చాక

క్యాప్ పేలింది, గుండు వెళ్లలేదు. ఏం చేయాలి?

బారెల్‌ను లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. తర్వాత కొత్త క్యాప్ పెట్టి ప్రయత్నించండి. మళ్లీ అదే జరిగితే నిపుల్ దారి మూసుకుపోయి ఉండవచ్చు, లేదా ఆ గదిలో మందు వేయడమే మరిచి ఉండవచ్చు. అప్పుడు అన్ని క్యాప్‌లూ తీసేసి, సిలిండర్ బయటకు తీసి, ఆ నిపుల్ విప్పి వెనక నుంచి కొద్దిగా మందు వేసి, నిపుల్ బిగించి, సిలిండర్‌ను తిరిగి తుపాకీలో పెట్టి కాలిస్తే గుండు బయటపడుతుంది. టప్ అని నీరసంగా శబ్దం వచ్చినప్పుడు మాత్రం ఇంకో గుండు కాల్చకండి. ముందటి గుండు బారెల్‌లో ఇరుక్కుని ఉందేమో చూడాలి.

రెండు మూడు సార్లు నింపేసరికి సిలిండర్ తిరగడం లేదు. మందు ఎక్కువైందా?

ఎక్కువసార్లు మసి, కొన్నిసార్లు పేలిన క్యాప్ ముక్క హ్యామర్ సందులో పడటం. సిలిండర్ తీసి ఇరుసును తడిగుడ్డతో తుడిచి, కొవ్వు కందెన రాయండి. క్యాప్ ముక్కలు పదేపదే పడుతుంటే హ్యామర్ ఎత్తేటప్పుడు బారెల్‌ను ఆకాశం వైపు తిప్పకుండా, లక్ష్యం వైపే ఉంచి తుపాకీని కుడి పక్కకు వంచి చూడండి, చాలా ముక్కలు బయటికే రాలిపోతాయి.

ఆ రోజే కడగాలా, వారాంతం దాకా ఆగవచ్చా?

ఆ రోజే. ఈ మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది, హ్యూస్టన్ లాంటి చోట మర్నాటికే తుప్పు కనిపిస్తుంది. పైరోడెక్స్ వాడినా మినహాయింపు లేదు. చెక్క పిడి తీసేసి, వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, బాగా ఆరబెట్టి, నూనె రాయండి. గిన్నెలు తోమే సింకులో కాకుండా వేరే బకెట్‌లో కడగండి, నీళ్లలో సీసం ఉంటుంది. అన్నం ముందు కూర్చునే లోపు చేతులు సబ్బుతో కడుక్కోండి.

మిగిలిన మందు, క్యాప్‌లు ఎలా దాచాలి? విమానంలో తీసుకెళ్లవచ్చా?

మందు దాని అసలు డబ్బాలోనే, వేడికి, నిప్పుకు దూరంగా, పిల్లలకు అందకుండా ఉంచండి. క్యాప్‌లు వేరే చోట పెట్టండి. సరదాగా కాల్చుకునే అవసరానికి 50 పౌండ్ల దాకా ఫెడరల్ చట్టం అనుమతిస్తుంది, మీ నగరం, మీ అపార్ట్‌మెంటు ఒప్పుకునేది అంతకంటే చాలా తక్కువ ఉండవచ్చు. విమానంలో మందు, క్యాప్‌లు చేతి సంచిలోనూ వద్దు, కింద వేసే సామానులోనూ వద్దు, రెండూ నిషేధమే. వేరే రాష్ట్రంలో పోటీకి వెళ్తే అక్కడే కొనుక్కోండి. మందు మారితే లోడు కూడా మారవచ్చు కనుక పోటీకి ఒకరోజు ముందు చేరుకుని కొన్ని గుండ్లు కాల్చి చూసుకోండి.